బండి ఎక్కడెక్కడ ఊపిరి పీలుస్తుంది?

(వానాకాలానికి ముందు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచలో డ్రైవర్లు, బండ్ల యజమానులు కూర్చున్న సమావేశంలో ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. మృగశిర కార్తె దగ్గర పడింది. ఇంకో పది పదిహేను రోజుల్లో మన ఒర్రెలన్నీ పారతాయి. అప్పుడు వాగు నీళ్లలో చెడిన బండ్లు నా షెడ్డు ముందు వరసగా నిలబడతాయి. ఆ వరస చూసి నాకు సంతోషం కలగదు. ఎందుకంటే అందులో సగం బండ్లు అక్కడికి రావాల్సిన పనే లేదు. రెండు మూడు వందల రూపాయల రబ్బరు పైపు, ఒక పావుగంట ఓపిక ఉంటే ఆగిపోయే నష్టాలు అవి. అందుకే పెద్దలు రమ్మనగానే వచ్చాను.

ఇక్కడ అంబులెన్స్ నడిపే తమ్ముళ్లున్నారు, రేషన్ సరుకు తోలేవాళ్లున్నారు, ఆలపల్లి దాకా ప్యాసింజర్లను తిప్పేవాళ్లున్నారు. మనకు జిల్లా ఆఫీసు అంటే గడ్చిరోలి. అది 200 కిలోమీటర్లకు పైనే. ఫోర్ వీల్ బండి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి, మనకు షోకు కాదు. లోపలి ఊరి నుంచి జ్వరంతో ఉన్న పిల్లను తేవాలన్నా, పురిటి నొప్పులతో ఉన్న ఆడమనిషిని తేవాలన్నా అదే దిక్కు. ఆ బండి పదిహేను రోజులు షెడ్డులో పడుకుంటే ఒక్క యజమాని ఇల్లే కాదు, నాలుగు ఊళ్లు ఇబ్బంది పడతాయి.

ముందు నీటి సంగతి చెప్తాను, తర్వాత బండి సంగతి.

మనది మూడు నదుల మధ్య ఉన్న తాలూకా. ఇటు ప్రాణహిత, కింద గోదావరి, అటు సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి కలుస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. ఆ నీళ్లలో ఎక్కువ భాగం భద్రాచలం చేరేముందు మన కళ్ల ముందు నుంచే పోయింది. అట్లాంటి చోట వాగులో నీళ్లు రెండు రకాలుగా వస్తాయి. ఈ తేడా తెలియని డ్రైవరుకు ఎంత మంచి బండి ఇచ్చినా లాభం లేదు.

ఒకటి, పైనుంచి వచ్చే నీరు. మన దగ్గర ఎండ కాస్తూ ఉంటుంది, అడవిలో ఎక్కడో కుండపోత కురుస్తుంది. రెండు గంటల తర్వాత ఒర్రె ఒక్కసారిగా ఉరికొస్తుంది. రంగు చూస్తే తెలుస్తుంది. చిక్కటి ఎర్రమట్టి రంగు, మీద ఆకులు, పుల్లలు, నురగ. పుల్లలు తేలి వస్తున్నాయంటే నీరు ఇంకా పెరుగుతూనే ఉందని లెక్క. ఆ టైములో దిగొద్దు. అడవి ఒర్రె ఎంత తొందరగా లేస్తుందో అంత తొందరగా తీస్తుంది. మూడు నాలుగు గంటలు ఆగితే చాలాసార్లు అదే దారి ఇస్తుంది.

రెండోది, కిందినుంచి వచ్చే నీరు. గోదారి నిండుగా ఉన్నప్పుడు వాగు నీళ్లు అందులోకి పోలేవు. గోదారి ఎదురు తన్నుతుంది. వాగు వెనక్కి ఉబ్బుతుంది. పైన చుక్క వాన ఉండదు, నీరు కదలదు, చెరువులాగా నిమ్మళంగా కనబడుతుంది. మోసపోయేది ఇక్కడే. నిన్న మోకాలు లోతు ఉన్న చోట ఇవాళ నిలువెత్తు ఉంటుంది. పైగా ఇది మూడు గంటల్లో తీసే నీరు కాదు, గోదారి తగ్గిన దాకా ఉంటుంది. వైన్‌గంగ మీద గోసీఖుర్ద్ డ్యామ్ గేట్లు ఎత్తారంటే ఆ నీరు ప్రాణహితలోకి, అక్కణ్నుంచి మన దగ్గరికే వస్తుంది. కాబట్టి మన వాన చూసుకుంటే సరిపోదు, ఆ డ్యామ్ ఉన్న భండారా జిల్లా కబురు కూడా చెవిన వేసుకోవాలి. ఫోన్లో వార్త చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది.

అటు భామ్రాగడ్ వైపు తిరిగేవాళ్లకు నేను చెప్పేదేం లేదు. పర్లకోట నది వంతెన మీదికి ఎన్నిసార్లు ఎక్కిందో, ఊరు ఎన్నిసార్లు తెగిపోయిందో వాళ్లు నాకంటే బాగా చెప్తారు.

ఇప్పుడు బండి. కంపెనీవాళ్లు ప్రతి ఫోర్ వీల్ బండికీ ఎంత లోతు నీళ్లలో పోవచ్చో ఒక అంకె ఇస్తారు. కొత్త థార్‌కు 650 మిల్లీమీటర్లు. ఫోర్స్ గూర్ఖాకు 700. ఫార్చ్యూనర్‌కు 700. 650 అంటే రెండు అడుగుల మీద ఇంకో అంగుళంన్నర. మామూలు మనిషికి మోకాలు దాటి తొడ మీదికి వస్తుంది. ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. అది నిలిచిన నీటికి, అడుగు గట్టిగా ఉన్న చోటికి, నెమ్మదిగా పోయే కొత్త బండికి ఇచ్చిన అంకె. పారే వాగుకు కాదు. పదేళ్లు తిరిగి సీళ్లు అరిగిన బండికీ కాదు.

పారే నీటిలో రెండు అడుగుల లోతు చాలు, ఎస్‌యూవీలు, ట్రక్కులు కూడా కొట్టుకుపోతాయని అమెరికా వాతావరణ శాఖ తన ప్రజలకు ఏటా చెప్తుంది. చిన్న కార్లకైతే ఒక్క అడుగు చాలంటుంది. ఇది నమ్మబుద్ధి కాకపోతే లెక్క వేసి చూడండి. బండి పొడుగు 4 మీటర్లు, వెడల్పు దగ్గర దగ్గర 1.8 మీటర్లు. బండి కింది భాగం వైశాల్యం దాదాపు 7 చదరపు మీటర్లు. నీరు ఫ్లోరు దాటి 10 సెంటీమీటర్లు లేచిందంటే 700 లీటర్ల నీటిని బండి పక్కకు నెట్టినట్టు. అంటే 700 కిలోల బరువు నీరు మోస్తోంది. 25 సెంటీమీటర్లు లేస్తే 1,750 కిలోలు. థార్ లాంటి బండి బరువే అంత. డోర్లు, అద్దాలు బిగించిన బండి అప్పుడు బండి కాదు, పడవ. టైర్లు నేలను పట్టుకోవు, ఫోర్ వీల్ వేసినా తిరిగేది నీళ్లలోనే. డోర్ల సందుల్లోంచి నీరు లోపలికి వస్తుంది కాబట్టి వెంటనే తేలకపోవచ్చు, కానీ ప్రవాహం ఆ కాస్త సమయం కూడా ఇవ్వదు. నీటి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది.

అందుకని మా గురువు నాకు నేర్పిన పద్ధతే మీకు చెప్తున్నా. దిగి నడవాలి. చేతిలో పొడుగు కట్టె, నడుముకు తాడు, ఒడ్డున తాడు పట్టుకున్న మనిషి. నడిచేటప్పుడు కాళ్లు నిలబడకపోతే బండి కూడా నిలబడదు. నడిస్తే లోతే కాదు, కాజ్‌వే ఏ పక్క తెగిందో, రాళ్లు ఎక్కడ కొట్టుకుపోయాయో పాదానికి తగులుతుంది. కట్టెకు 650 దగ్గర ఒక గీత, దానికి ఒక జానెడు కింద ఇంకో గీత పెట్టుకోండి. పాత బండ్లకు రెండో గీతే హద్దు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న సంగతి. నీళ్లలో బండి ఎందుకు చెడుతుందని అడిగితే అందరూ ఇంజిన్‌లోకి నీళ్లు పోయాయంటారు. నిజమే. కానీ బండికి ముక్కు ఒక్కటే కాదు. ఇంజిన్ ఒక చోట ఊపిరి పీలుస్తుంది. గేర్‌బాక్సు ఇంకో చోట, ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచే డబ్బా, ఇంకో చోట, ముందు హౌసింగ్, వెనక హౌసింగ్ (ఇరుసు మధ్య పళ్ల చక్రాలుండే డబ్బాలు), డీజిల్ ట్యాంకు వేర్వేరు చోట్ల పీలుస్తాయి. ప్రతిదానికీ ఒక ముక్కు ఉంది. ఏ ముక్కు ఎంత ఎత్తులో ఉందో తెలియకుండా నీళ్లలోకి దిగడం కళ్లకు గంతలు కట్టుకుని దిగినట్టే.

పెద్ద ముక్కుతో మొదలుపెడదాం. డీజిల్ ఇంజిన్ గాలిని 16, 17 రెట్లు కుదిస్తుంది. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ అనుకోండి. ఒక్కో సిలిండర్ దాదాపు 550 సీసీ. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 35 మిల్లీలీటర్లు. మన హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసులో సగం కూడా కాదు. అంతకంటే ఒక చుక్క ఎక్కువ నీరు పోతే చాలు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. పిస్టన్ పైకి రాలేదు, కింద క్రాంక్ ఆగదు, మధ్యలో కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. బక్కెట్ల కొద్దీ నీళ్లు పోతేనే ఇంజిన్ పోతుందనుకునేవాళ్లు ఈ సగం గ్లాసు గుర్తుపెట్టుకోండి.

నేను కొత్తగా పని నేర్చుకునే రోజుల్లో మా మేనమామ జీపు తీసుకుని అంకీసా వైపు పోయాను. వాగు మధ్యలో బండి ఆగింది. ఆగగానే అందరూ చేసే పనే చేశాను, సెల్ఫ్ కొట్టాను. కట్ మని ఒక శబ్దం వచ్చి ఆగింది. బ్యాటరీ డౌన్ అనుకుని మళ్లీ కొట్టాను. మూడోసారి స్టార్టయింది, అమ్మయ్య అనుకున్నాను. ఒడ్డుకొచ్చాక ఇంజిన్ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. నాలుగు రోజులకు రాడ్ విరిగి బ్లాకుకు బొక్క పెట్టి బయటికొచ్చింది. ఆ బొక్కలో నా బొటనవేలు పట్టింది. మామ ఒక్క మాట అనలేదు. ఆ ఏడు వాళ్ల ఇంట్లో పెళ్లి వాయిదా పడింది. అది నేను మర్చిపోలేదు.

కాబట్టి నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టొద్దు. ఒక్కసారి కూడా వద్దు. తాళం తీసి జేబులో వేసుకోండి. న్యూట్రల్‌లో పెట్టి తాడుతో లాగించండి. గేర్‌లో ఉంచి లాగితే చక్రం ఇంజిన్‌ను తిప్పుతుంది, సెల్ఫ్ కొట్టినట్టే అవుతుంది. ఒడ్డుకొచ్చాక ఎయిర్ ఫిల్టర్ విప్పి చెయ్యి పెట్టి చూడండి. పొడిగా ఉంటే ఇంజిన్ బతికినట్టే, ఆగడానికి కారణం కరెంటు వైపు వెతకొచ్చు. తడిగా ఉంటే ఆ బండి మీది కాదు, మెకానిక్‌ది. నాజిళ్లో హీటర్ ప్లగ్గులో విప్పి, ముందు పుల్లీకి పానా పెట్టి చేత్తో తిప్పాలి. పిచికారీ కొట్టినట్టు నీళ్లు బయటికొస్తాయి. అన్నీ వచ్చాక ఆయిల్ మార్చి, అప్పుడు సెల్ఫ్.

(సభలోంచి ఒకరు: "అన్నా, స్నార్కెల్ పెట్టించుకుంటే ఈ టెన్షన్ ఉండదు కదా?")

మంచి ప్రశ్న. స్నార్కెల్ పెద్ద ముక్కును టాప్ దాకా ఎత్తుతుంది. గూర్ఖాకు కంపెనీ నుంచే వస్తుంది. బయట బిగించేవాటితో రెండు సంగతులు చూడాలి. ఒకటి, పైపు అతుకులు. ఒక్క క్లిప్పు వదులుగా ఉన్నా నీళ్లను అదే లాగుతుంది. రెండు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున దుమ్ము, నీరు కారిపోవడానికి చిన్న రబ్బరు నోరుంటుంది. అది చిరిగితే పైన ఎంత ఎత్తు స్నార్కెల్ ఉన్నా కిందినుంచి నీళ్లు వస్తాయి. ఇవి రెండూ సరిగ్గా ఉన్నా స్నార్కెల్ కాపాడేది ఆ ఒక్క ముక్కునే. బండి తేలకుండా అది ఆపలేదు. హౌసింగ్‌లోకి నీళ్లు పోకుండా కూడా ఆపలేదు.

హౌసింగ్ గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఒక బోలెరో క్యాంపర్ ఫోర్ వీల్ వచ్చింది, దసరా ముందు. వెనక నుంచి ఊఁ అని ఒకటే కూత. వాగు దాటారా అంటే, "ఎప్పుడో పునర్వసు కార్తెలో దాటాను, ఏం కాలేదు, ఇంజిన్ కూడా ఆగలేదు" అన్నాడు డ్రైవరు. నేను పళ్లెం పెట్టి హౌసింగ్ కింది బోల్టు వదులు చేశాను. మొదట సన్నటి దారంలాగా నీళ్లు వచ్చాయి. నీరు బరువు, ఆయిల్ తేలిక, అందుకే నీరు అడుగున కూర్చుంటుంది. ఆ తర్వాత వచ్చింది నల్లటి గేర్ ఆయిల్ కాదు. పాలు కలిపిన కాఫీ రంగులో, మజ్జిగలాగా చిక్కగా ఉంది. వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు లేదు. క్రౌన్ పళ్లు తుప్పుపట్టి గరగరలాడుతున్నాయి. బేరింగ్ గోలీలు గుంతలు పడ్డాయి. ఆ డ్రైవరు వాగు దాటిన రోజు ఏ తప్పూ చేయలేదు. లోపల మూడు నెలలు నీళ్లతోనే నడిచింది, అతనికి తెలియలేదు.

నీళ్లు లోపలికి ఎట్లా పోయాయి? గంటసేపు నడిచిన హౌసింగ్ మీద చెయ్యి పెట్టలేం, అంత వేడి. లోపలి ఆయిల్ 80 డిగ్రీల దాకా ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి ఒక్కసారిగా చల్లటి వాగులో ముంచితే లోపలి గాలి ముడుచుకుంటుంది, దాదాపు ఏడో వంతు తగ్గుతుంది. ఆ ఖాళీ నింపుకోవడానికి హౌసింగ్ గట్టిగా ఊపిరి పీలుస్తుంది. హౌసింగ్ మీద గాలి పోయి వచ్చే బొటనవేలంత మూత, బ్రీథర్, ఉంటుంది, మట్టి పట్టి ఎవరి కంటా పడదు. అది నీళ్లలో మునిగి ఉంటే పీల్చేది నీళ్లనే. మట్టితో మూసుకుపోయి ఉంటే ఇంకా చెడ్డది, యాక్సిల్ సీళ్ల పక్కనుంచి బురద నీళ్లు లాగుతుంది. సీళ్లు లోపలి ఆయిల్ బయటికి పోకుండా చేసినవి, బయటి నీళ్లను ఆపడానికి చేసినవి కావు.

దీనికి మందు రెండు. ఒకటి, బ్రీథర్‌కు ఆయిల్‌ను తట్టుకునే రబ్బరు పైపు తొడిగి, ఛాసిస్ వెంట కట్టుకుంటూ పోయి, బానెట్ లోపల పై మూలకు చేర్చాలి. చివర చిన్న ఫిల్టర్ పెట్టాలి. హౌసింగ్ స్ప్రింగుల మీద పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి అక్కడ పైపు వదులు ఉంచాలి, బిగించి కడితే మొదటి గుంతలోనే ఊడుతుంది. రెండు హౌసింగులకు, గేర్‌బాక్సుకు, ట్రాన్స్‌ఫర్ కేస్‌కు నాలుగు పైపులు. కొన్ని బండ్లకు కంపెనీవాళ్లే పైపు ఇస్తారు, అది ఎంత ఎత్తులో ఆగిందో వంగి చూడండి. రెండో మందుకు డబ్బు అక్కర్లేదు. వాగు ఒడ్డున పది పదిహేను నిమిషాలు ఆగాలి. వేడి దిగుతుంది. ఆ టైములోనే నడిచి లోతు చూసుకోవచ్చు. చక్రాల మధ్య ఉండే హబ్‌లకూ ఇదే లెక్క, వేడి హబ్ నీళ్లలో మునిగితే గ్రీజులోకి నీరు లాగుతుంది.

దిగే ముందు ఇంకో రెండు మూడు పనులు. పాత బండ్లలో ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది. నీళ్లు తగలగానే ప్లాస్టిక్ రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ను కోసేస్తాయి. లోతు ఎక్కువుంటే బెల్టు వదులు చేయండి. లేదా ముందు జాలీకి తాటిపత్రి (టార్పాలిన్) కట్టండి, నీళ్లు లోపలికి పోయే వేగం తగ్గుతుంది. దాటగానే తాటిపత్రి విప్పడం మర్చిపోవద్దు, ఇంజిన్ వేడెక్కుతుంది. లాగే తాడు ఒడ్డు మీదే హుక్కుకు కట్టి బానెట్ మీద పెట్టుకోండి. నీళ్లలో మునిగిన హుక్కును వెతుక్కుంటూ చెయ్యి పెట్టే పరిస్థితి తెచ్చుకోవద్దు. అద్దాలు దించండి, సీటు బెల్టు తీయండి. పిల్లలు, పెద్దవాళ్లు బండిలో ఉంటే ఎంత చిన్న లోతైనా మరోసారి ఆలోచించండి.

ఒడ్డు మీదే ఫోర్ లో (నాలుగు చక్రాలకూ ఎక్కువ బలం, తక్కువ వేగం ఇచ్చే గేరు) వేసుకుని దిగాలి. రెండో గేరు, లేదా బరువుంటే మొదటి గేరు. మనిషి నడిచే వేగం. ముందు బంపర్ దగ్గర ఒక అల లేస్తుంది, దాని వెనక బానెట్ కింద నీరు కొంచెం పల్లంగా ఉంటుంది. ఆ అలను పట్టుకుని అదే వేగంతో పోవాలి. వేగం పెంచితే అల బానెట్ ఎక్కి ముక్కులోకి పోతుంది. ఆగితే అల తిరిగొచ్చి ఇంజిన్‌ను ముంచుతుంది. మధ్యలో క్లచ్ తొక్కొద్దు, నీళ్లు పట్టిన ప్లేటు జారుతుంది, బండి అక్కడే ఆగుతుంది. యాక్సిలరేటర్ తియ్యొద్దు. సైలెన్సర్‌లోంచి పొగ వస్తున్నంతసేపే అటునుంచి నీళ్లు రావు. ఎదురుగా ఇంకో బండి దిగితే మీరు దిగొద్దు, దాని అల మీ అలకు తోడవుతుంది.

వైరింగ్ గురించి పెద్దగా చెప్పను. పాత పంపు ఇంజిన్లకు నీటిలో కరెంటుతో పని తక్కువ. కొత్త కామన్ రైల్ బండ్లకు కంప్యూటర్, సెన్సార్లు ఉంటాయి. కనెక్టర్లకు సిలికాన్ గ్రీజు పెట్టించుకోండి, బ్యాటరీ కదలకుండా బిగించండి, కంప్యూటర్ డబ్బా సీటు కింద ఉందో బానెట్‌లో ఉందో తెలుసుకోండి.

దాటిన తర్వాతి పని సగం మంది చేయరు. మొదటి వంద మీటర్లు బ్రేకు మీద కాలు కొంచెం ఆనించి నడపండి, షూలు ఆరతాయి. ఆ రాత్రి హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేయొద్దు, పొద్దున్నకు షూలు డ్రమ్ముకు పట్టేస్తాయి. రాయి అడ్డం పెట్టండి. మర్నాడు పొద్దున, బండి కదలకముందే, హౌసింగ్ కింది బోల్టు ఒక్క మర వదులు చేసి చూడండి. రాత్రంతా నిలబడింది కాబట్టి నీరు ఉంటే ముందు అదే కారుతుంది. ఆయిల్ వస్తే వెంటనే బిగించండి. డిప్‌స్టిక్కు తీసి ఇంజిన్ ఆయిల్ రంగు చూడండి. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది, అది తిప్పి ఒక చిన్న సీసాలో పట్టి చూడండి. వెనక డ్రమ్ములు విప్పి ఇసుక కడగండి. తిరిగే షాఫ్టు కీళ్లకు, అంటే జాయింట్ క్రాస్‌లకు, గ్రీజు కొట్టండి, పాత గ్రీజు బురదతో బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొట్టండి. అన్నీ కలిపి గంటన్నర పని.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనే తమ్ముళ్లకు ఒక మాట. మామూలు పాలసీలో, నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టి ఇంజిన్ పాడు చేసుకుంటే క్లెయిమ్ సాధారణంగా రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అని వేరే యాడాన్ ఉంటుంది, దానికి కొంచెం ఎక్కువ కట్టాలి. పాలసీ రెన్యూవల్ వానాకాలం ముందు వస్తే ఏజెంటును ఈ పేరు పెట్టి అడగండి.

చాలాసేపు మాట్లాడాను. బయట చింతచెట్టు కింద నా బండి జాకీ మీద ఉంది. రెండు హౌసింగులకూ పైపులు వేసి ఉన్నాయి, గేర్‌బాక్సుకు మాత్రం వేయకుండా ఉంచాను. ఆ పైపు మీలో ఎవరైనా మీ చేత్తో తొడగాలి. చొక్కా మాసినా పర్వాలేదనుకునేవాళ్లు ముందు రండి. టార్చి ఎవరి దగ్గర ఉంది?